వెనక్కి తిప్పకండి, పక్కన నిలబెట్టండి

కొన్నేళ్ల క్రితం ఒక మధ్యాహ్నం పన్నెండు గంటలకు మా ప్రొడక్షన్ డేటాబేస్‌లో ఒక చిన్న స్క్రిప్టు నడిపాము. కస్టమర్ల పట్టికలో పాత పద్ధతిలో ఉన్న చిరునామాలను కొత్త పద్ధతిలోకి మార్చడం దాని పని. ఏయే వరుసలను ముట్టుకోవాలో చెప్పే షరతు తప్పుగా రాయడం వల్ల, కొన్ని వందల వరుసలు మార్చి ఆగవలసిన ఆ స్క్రిప్టు పట్టికలోని చిరునామాలన్నింటినీ ఖాళీ చేసింది. ఆ సంగతి మా దృష్టికి వచ్చేసరికి సాయంత్రం నాలుగయింది. స్క్రిప్టుకు ఐదు నిమిషాల ముందు తీసిన స్నాప్‌షాట్ (ఆ క్షణంలో డేటా ఉన్న స్థితిని పట్టి ఉంచేది) ఒకటి చేతిలో ఉంది కాబట్టి ఎవరూ పెద్దగా కంగారు పడలేదు. డేటాను ఆ స్థితికి వెనక్కి తిప్పే రోల్‌బ్యాక్ ఆదేశాన్ని నేనే టైపు చేశాను. మూడు సెకన్లలో వాల్యూమ్ (డేటాబేస్ ఉన్న నిల్వ స్థలం) మొత్తం పదకొండు యాభై ఐదు నాటి స్థితికి చేరింది, డేటాబేస్ లేచింది, చిరునామాలన్నీ కనిపించాయి, గండం గడిచిందని అనుకున్నాము.

ఆ నాలుగు గంటల్లో ఆర్డర్లు మాత్రం ఆగలేదు. వచ్చిన ప్రతి ఆర్డరుకూ ఒక నంబరు పడింది, ఆ నంబరుతో కస్టమరుకు మెయిల్ వెళ్లింది, చెల్లింపుల సేవలో అదే నంబరు మీద డబ్బు జమ అయింది. మా వాల్యూమ్ ఒక్కటే మధ్యాహ్నానికి వెళ్లిపోయింది కానీ కస్టమర్ల మెయిల్‌బాక్సులూ చెల్లింపుల సేవా సాయంత్రంలోనే ఉన్నాయి. అసలు నష్టం అక్కడి నుంచి మొదలైంది. నంబర్లు పుట్టించే సీక్వెన్సు కూడా వాల్యూమ్‌తోపాటే వెనక్కి పోయినందువల్ల, రోల్‌బ్యాక్ తరువాత వచ్చిన ఆర్డర్లకు అవే నంబర్లు రెండోసారి పడ్డాయి. 48213 అనే నంబరు మధ్యాహ్నం ఒకరికి వెళ్లింది, సాయంత్రం మరొకరికి వెళ్లింది. మొదటి వ్యక్తి తన మెయిల్‌లోని లింకు తెరిస్తే రెండో వ్యక్తి వస్తువులూ పేరూ కనిపించాయి. పంపిన మెయిళ్ల లాగులనూ (యంత్రం రాసుకునే నమోదులనూ) చెల్లింపుల నివేదికలనూ పక్కపక్కన పెట్టుకుని, ఒక్కొక్క నంబరునూ చేత్తో సరిచూసి ఆ ముడి విప్పడానికి మాకు పదకొండు రోజులు పట్టింది. చిరునామాలను పోగొట్టింది స్క్రిప్టు. నాలుగు గంటల ఆర్డర్లను పోగొట్టింది నా రోల్‌బ్యాక్.

అప్పటి నుంచి నేను ఒకే మాట మీద నిలబడ్డాను, ఈ వ్యాసంలో దాన్నే వాదిస్తున్నాను. స్నాప్‌షాట్ నుంచి పునరుద్ధరణ అంటే, నడుస్తున్న వాల్యూమ్‌ను వెనక్కి తిప్పడం అనే అర్థాన్ని మనం మనసులోంచి తీసేయాలి. స్నాప్‌షాట్ నుంచి మరో వాల్యూమ్ పుట్టించి, దాన్ని పాతదాని పక్కన నిలబెట్టి, రెండింటినీ పోల్చి, కావలసినది మాత్రమే తెచ్చుకోవడం మన మొదటి అలవాటు కావాలి. ఉన్నచోటే వెనక్కి తిప్పడం ఎప్పుడో ఒకసారి, కారణం చూపించి, వేసే అడుగుగా ఉండాలి.

రోల్‌బ్యాక్ అంత సులువుగా ఎందుకు జరుగుతుందో తెలిస్తే అది ఎంత ప్రమాదకరమో కూడా అర్థమవుతుంది. స్నాప్‌షాట్ తీసినప్పుడు డేటా కాపీ కాదు. లినక్స్‌లో డిస్కులను వాల్యూములుగా పంచే ఎల్‌వీఎంలోని సాంప్రదాయిక స్నాప్‌షాట్ పద్ధతిలో, అసలు వాల్యూమ్‌లోని ఒక బ్లాకు (డేటా రాసే చిన్న గడి) మీద కొత్తగా రాయబోయే ముందు అందులోని పాత సమాచారాన్ని తీసి స్నాప్‌షాట్‌కు కేటాయించిన స్థలంలో దాచుతారు. ఆ స్థలం నిండిపోతే స్నాప్‌షాట్ చెల్లకుండా పోతుంది. జెడ్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ వంటి ఫైల్ సిస్టమ్‌లలో పాత బ్లాకు జోలికే పోరు. కొత్త సమాచారం కొత్త బ్లాకులో పడుతుంది, పాతదాన్ని స్నాప్‌షాట్ పట్టుకుని ఉంటుంది. కాబట్టి ఇక్కడ వెనక్కి వెళ్లడమంటే టెరాబైట్ల డేటాను కదిలించడం కాదు, ఏ బ్లాకుల చెట్టును వర్తమానమని పిలవాలో చెప్పే వేరును మార్చడమే. మా వాల్యూమ్ మూడు సెకన్లలో వెనక్కి వెళ్లింది అందుకే. ఆ మూడు సెకన్లలోనే నాలుగు గంటల బ్లాకులను పట్టుకునేవారు లేక అవి ఖాళీ స్థలంగా మారాయి.

జెడ్‌ఎఫ్‌ఎస్‌లో ఇంకొక మెలిక ఉంది, దాన్ని నేను ఆ రోజే తెలుసుకున్నాను. రోల్‌బ్యాక్ ఆదేశం మామూలుగా అన్నింటికన్నా తాజా స్నాప్‌షాట్‌కు మాత్రమే వెళ్లనిస్తుంది. అంతకు ముందున్నదానికి వెళ్లాలంటే, మధ్యలో తీసిన స్నాప్‌షాట్లను ధ్వంసం చేయడానికి మీరు ఒప్పుకున్నట్లు ఒక అదనపు గుర్తు చేర్చాలి. మా దగ్గర గంటగంటకూ తీసిన స్నాప్‌షాట్లు ఉన్నాయి, అంటే ఒంటి గంట, రెండు, మూడు గంటల నాటి ఆర్డర్లన్నీ వాటిలో భద్రంగా ఉన్నాయి. సిస్టమ్ వద్దన్నప్పుడు ఆగి చదవకుండా ఆ గుర్తు చేర్చి మళ్లీ ఎంటర్ నొక్కాను. అవన్నీ పోయాయి. 'రోల్‌బ్యాక్‌కు ముందు ఇప్పటి స్థితికి ఒక స్నాప్‌షాట్ తీసుకుని ఉంటే సరిపోయేది కదా' అని చాలామంది అంటారు. అదే వాల్యూమ్ మీద తీసే ఆ స్నాప్‌షాట్ కూడా తాజాదే అవుతుంది కాబట్టి రోల్‌బ్యాక్ దాన్ని కూడా తుడిచేస్తుంది. జాగ్రత్త తీసుకున్నామన్న తృప్తి మిగులుతుంది తప్ప జాగ్రత్త మిగలదు. ఎల్‌వీఎంలో స్నాప్‌షాట్‌ను అసలు వాల్యూమ్‌లో విలీనం చేసినా ఇంతే. విలీనం ముగిశాక స్నాప్‌షాట్ ఉండదు, విలీనానికి ముందున్న స్థితీ ఉండదు.

ఇక్కడ ఒక విషయం మీద కొంచెం ఎక్కువసేపు ఆగాలి. ఇతర యంత్రాలతో మాట్లాడే ఏ వాల్యూమూ ఒంటరిది కాదు. దానిలోంచి బయటికి వెళ్లిన ప్రతి నంబరూ ప్రతి సందేశమూ మరొక చోట నమోదై ఉంటుంది, ఆ నమోదులను మన స్నాప్‌షాట్ వెనక్కి తిప్పలేదు. దీనికి మా ఆర్డర్ల కథకన్నా మంచి ఉదాహరణ, ఒక సంస్థలోని వినియోగదారుల, యంత్రాల ఖాతాలను నిర్వహించే మైక్రోసాఫ్ట్ యాక్టివ్ డైరెక్టరీలో ఉంది. అక్కడ ఆ డైరెక్టరీని ఉంచుకునే ఒక్కొక్క సర్వర్, అంటే డొమైన్ కంట్రోలర్, తాను చేసే ప్రతి మార్పుకూ పెరుగుతూ పోయే ఒక క్రమసంఖ్య ఇస్తుంది, మిగిలిన కంట్రోలర్లు దానినుంచి ఏ సంఖ్య వరకు అందుకున్నాయో గుర్తు పెట్టుకుంటాయి. ఒక కంట్రోలర్‌ను వర్చువల్ మెషీన్ (ఒక యంత్రంలో సాఫ్ట్‌వేర్‌గా నడిచే మరో యంత్రం) స్నాప్‌షాట్‌తో వెనక్కి తిప్పితే అది వాడేసిన సంఖ్యలనే కొత్త మార్పులకు మళ్లీ వాడుతుంది. ఆ సంఖ్యలు తమకు ఇదివరకే అందాయని మిగిలినవి ఆ మార్పులను తీసుకోవు. అలా ఒకే డైరెక్టరీ రెండు రకాలుగా చీలిపోతుంది. ఆ క్రమసంఖ్యను యూఎస్‌ఎన్ అంటారు కాబట్టి యూఎస్‌ఎన్ రోల్‌బ్యాక్ అని దానికి పేరే పెట్టారు. చివరికి 2012 విండోస్ సర్వర్‌లో, తనను ఎవరో వెనక్కి తిప్పారని కంట్రోలర్ తానే గ్రహించడానికి వీలుగా వర్చువల్ మెషీన్‌ను అలా తిప్పినప్పుడల్లా మారిపోయే ఒక గుర్తింపు సంఖ్య ఏర్పాటు చేయవలసి వచ్చింది. అంత పెద్ద వ్యవస్థకే ప్రత్యేకమైన కాపుదల అవసరమైనప్పుడు, మనం సొంతంగా రాసుకున్న అప్లికేషన్లలో అది దానంతటదే ఉంటుందని ఎలా అనుకోగలం?

పక్కన నిలబెట్టడం ఎలా ఉంటుందో మా సంఘటన మీదే చెబుతాను. ఆ రోజు నేను చేయవలసింది, పదకొండు యాభై ఐదు నాటి స్నాప్‌షాట్ నుంచి ఒక క్లోన్ తీయడం. జెడ్‌ఎఫ్‌ఎస్‌లో క్లోన్ అంటే రాయడానికి వీలున్న కొత్త ఫైల్ సిస్టమ్. అది కూడా క్షణాల్లోనే పుడుతుంది, పాత బ్లాకులనే పంచుకుంటుంది కాబట్టి మొదట్లో స్థలం దాదాపు తీసుకోదు. దాని మీద రెండో పోర్టులో డేటాబేస్‌ను లేపి, కస్టమరు ఐడీ, చిరునామా అనే రెండు కాలమ్‌లను మాత్రం బయటికి తీసి, నడుస్తున్న డేటాబేస్‌లో చిరునామా ఖాళీగా ఉన్న వరుసలకు వాటిని నింపితే సరిపోయేది. మధ్యాహ్నం తరువాత ఎవరైనా తమ చిరునామా స్వయంగా మార్చుకుని ఉంటే అది ఖాళీగా ఉండదు, దాన్ని ముట్టుకోము. ఒక్క ఆర్డరూ పోదు, ఒక్క నంబరూ రెండుసార్లు పడదు. అటువంటి పనినే తరువాత మరో సందర్భంలో నలభై నిమిషాల్లో ముగించాము.

వాల్యూమ్ మొత్తం పాడైపోయి, ఏరుకోవడానికి ఏమీ లేనప్పుడు కూడా తిప్పడం కన్నా మార్చుకోవడమే మేలు. జెడ్‌ఎఫ్‌ఎస్‌లో క్లోన్‌ను ప్రమోట్ చేస్తే తల్లీబిడ్డల సంబంధం తారుమారవుతుంది. క్లోన్ అసలుదవుతుంది, అసలుది దాని మీద ఆధారపడినదవుతుంది. ఆపై రెండింటి పేర్లు మార్చుకుంటే అప్లికేషన్‌కు పాత స్థితి కనిపిస్తుంది, చెడిపోయిన స్థితి కూడా తన తాజా స్నాప్‌షాట్లతో సహా పక్కన అలాగే ఉంటుంది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ మీద పనిచేసే స్నాపర్ అనే సాధనం ఈ బుద్ధిని ఆదేశంలోనే ఇమిడ్చింది. దానికి రోల్‌బ్యాక్ చెప్పినప్పుడు అది ముందు ఇప్పటి స్థితిని చదవడానికి మాత్రమే వీలున్న స్నాప్‌షాట్‌గా దాచి, ఎంచుకున్న పాత స్నాప్‌షాట్ నుంచి కొత్త కాపీ తీసి, దాన్ని అప్రమేయంగా బూట్ అయ్యేదిగా నిలబెడుతుంది. పేరు రోల్‌బ్యాకే అయినా దేన్నీ తుడవదు.

క్లౌడ్ వాల్యూముల రూపకర్తలు ఈ విషయంలో మనకన్నా ముందే ఆలోచించారనిపిస్తుంది. 2008లో వచ్చిన అమెజాన్ క్లౌడ్ వాల్యూముల సేవ ఈబీఎస్‌లో స్నాప్‌షాట్‌ను వాడుకునే మామూలు దారి దానినుంచి కొత్త వాల్యూమ్ సృష్టించడం. అనేక సర్వర్ల మీద అప్లికేషన్లను నడిపించే కుబెర్నెటీస్‌లో 1.20 విడుదలతో 2020 డిసెంబరులో స్థిరపడిన వాల్యూమ్ స్నాప్‌షాట్ సదుపాయంలో కూడా, స్నాప్‌షాట్‌ను మూలంగా చూపించి కొత్త వాల్యూమ్ అడగవలసిందే. ఉన్న వాల్యూమ్‌ను ఉన్నచోటే వెనక్కి తిప్పే మాట ఆ సదుపాయంలో లేదు. దాన్ని ఒక లోటుగా ఫిర్యాదు చేసేవారిని నేను చాలామందిని చూశాను. నా మటుకు అది ఆ సదుపాయంలో ఉన్న గొప్ప మేలు.

దీనికి ఎదురువాదం లేకపోలేదు, అందులో బలమైనది సమయం గురించి. సేవ ఆగిపోయి ఉన్నప్పుడు మూడు సెకన్ల దారిని వదిలి ఇంత తతంగం ఎందుకని అడుగుతారు. క్లోన్ తీయగలిగే చోట ఈ వాదం నిలవదు, క్లోన్ కూడా అంతే తొందరగా వస్తుంది. క్లౌడ్‌లో మాత్రం ఈ ప్రశ్నలో నిజం ఉంది. ఈబీఎస్ స్నాప్‌షాట్లు ఎస్3 అనే అమెజాన్ వారి మరో నిల్వ సేవలో ఉంటాయి. కొత్త వాల్యూమ్ కొద్ది సేపట్లోనే సిద్ధమని కనిపిస్తుంది, కానీ ఒక్కొక్క బ్లాకును మొదటిసారి చదివినప్పుడే అది ఎస్3 నుంచి దిగుతుంది. డేటాబేస్ లేస్తుంది, కానీ ప్రతి ప్రశ్నకూ జవాబు నత్తనడకన వస్తుంది. అది తెలియనివారు ఇండెక్సులు చెడిపోయాయనుకుని వేరే చోట వెతుకుతారు. అన్ని బ్లాకులనూ ముందే ఒకసారి చదివేయడం దీనికి మందు. సెకనుకు 100 మెగాబైట్ల చొప్పున చదివినా ఒక టెరాబైట్‌కు పదివేల సెకన్లు, అంటే దాదాపు రెండు గంటల నలభై ఏడు నిమిషాలు పడుతుంది. 2019లో వచ్చిన ఫాస్ట్ స్నాప్‌షాట్ రీస్టోర్ ఈ నిరీక్షణను తీసేస్తుంది, అయితే దాన్ని స్నాప్‌షాట్‌కు ముందుగానే ప్రారంభించి ఉంచాలి, దానికి వేరుగా డబ్బు కట్టాలి. కాబట్టి సమయం గురించిన వాదానికి నా జవాబు ఒకటే. పునరుద్ధరణకు ఎంతసేపు పడుతుందో ప్రమాదం జరిగిన రోజున మొదటిసారి తెలుసుకోకూడదు.

2017 జనవరి 31న ప్రోగ్రాముల కోడ్ దాచుకునే సేవ గిట్‌ల్యాబ్‌లో జరిగిన సంఘటనను ఈ సందర్భంలో గుర్తు చేసుకోవాలి, ఎందుకంటే ఆ సంస్థ జరిగినదంతా దాచకుండా రాసి పెట్టి మనందరికీ మేలు చేసింది. ఒక ఇంజనీరు పొరపాటున ప్రధాన డేటాబేస్ సర్వర్‌లోని డేటా డైరెక్టరీని తొలగించడం మొదలుపెట్టి, గ్రహించి ఆపేసేసరికి సుమారు 300 గిగాబైట్లలో నాలుగున్నర గిగాబైట్లు మిగిలాయి. రోజువారీ బ్యాకప్ సాధనం డేటాబేస్ వెర్షన్‌తో పొసగక విఫలమవుతూ వచ్చింది, ఆ సంగతి చెప్పవలసిన మెయిళ్లు ఎవరికీ చేరలేదు. చివరికి కాపాడింది ఒక ఎల్‌వీఎం స్నాప్‌షాట్. అది కూడా ప్రమాదానికి సుమారు ఆరు గంటల ముందు పరీక్షా వాతావరణం కోసం ఒకరు చేత్తో తీసినది. ఆ స్నాప్‌షాట్ ఉన్న యంత్రం డిస్కులు నెమ్మదైనవి కావడంతో డేటాను ప్రధాన సర్వర్‌కు కాపీ చేయడానికే దాదాపు పద్దెనిమిది గంటలు పట్టింది. ఆ ఆరు గంటల్లో చేరిన ప్రాజెక్టులు, వ్యాఖ్యలు, ఖాతాలు పోయాయి. స్నాప్‌షాట్ ఉందా అన్న ప్రశ్న ఎంత ముఖ్యమో, అది ఎక్కడ ఉంది, అక్కడి నుంచి రావడానికి ఎంతసేపు పడుతుంది అన్నవి కూడా అంత ముఖ్యమని ఆ పద్దెనిమిది గంటలు చెబుతున్నాయి.

ఎక్కడ ఉంది అన్నదానికి ఇంకా చేదు ఉదాహరణ 2014 జూన్‌లో కోడ్ స్పేసెస్ అనే కోడ్ నిల్వ సంస్థది. వారి అమెజాన్ నియంత్రణ ప్యానెల్‌లోకి చొరబడిన వ్యక్తి వాల్యూములతోపాటు ఈబీఎస్ స్నాప్‌షాట్లనూ ఎస్3 బకెట్లనూ తొలగించాడు. ఆ సంస్థ మూతపడింది. వాల్యూమ్‌ను చెరపగలిగే ఖాతాకే దాని స్నాప్‌షాట్‌ను కూడా చెరిపే అధికారం ఉంటే, పక్కన నిలబెట్టడానికి ఏమీ మిగలదు.

పక్కన నిలబెట్టే పనిలో చేతికి తగిలే అడ్డంకులు కూడా చెప్పాలి, ఎందుకంటే వీటి దగ్గర చిరాకు పడే చాలామంది మళ్లీ రోల్‌బ్యాక్ వైపు వెళతారు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ ఉన్న వాల్యూమ్‌ను స్నాప్‌షాట్ నుంచి పుట్టించి అదే సర్వర్‌కు తగిలించి మౌంట్ చేయబోతే (వాడుకోవడానికి తెరవబోతే), ఫైల్ సిస్టమ్ వివరాలుండే సూపర్‌బ్లాకు చెడిపోయిందేమోనని భయపెట్టే సందేశం వస్తుంది. నేను మొదటిసారి దాన్ని చూసినప్పుడు స్నాప్‌షాటే పాడైందనుకుని మరో రెండు పాత స్నాప్‌షాట్లు తెరిచి చూశాను, మూడింటికీ అదే సమాధానం. కెర్నెల్ లాగు తెరిస్తే అసలు కారణం ఒక్క వాక్యంలో ఉంది. ఈ యూయూఐడీతో మరొకటి ఇప్పటికే మౌంట్ అయి ఉంది కాబట్టి మౌంట్ చేయను అని. అసలుదానికీ కాపీకీ గుర్తింపు సంఖ్య ఒకటే కావడం సహజం. యూయూఐడీని పట్టించుకోవద్దని చెప్పే ఐచ్ఛికంతో మౌంట్ చేస్తే క్షణంలో తెరుచుకుంది. ఎల్‌వీఎం మీద ఉన్న డిస్కుల విషయంలో కూడా ఇదే చిక్కు వస్తుంది. కాపీ అయిన డిస్కులకు కొత్త గుర్తింపు ఇచ్చి చేర్చుకునే ఆదేశం దానికి వేరుగా ఉంది.

స్నాప్‌షాట్‌లో ఉన్న డేటాబేస్, ఆ క్షణంలో కరెంటు పోయిన యంత్రంలోని డేటాబేస్‌లా ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ అయినా మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ వాడే ఇన్నోడీబీ అయినా లేచేటప్పుడు తన లాగును చదువుకుని కోలుకోగలవు, కానీ డేటా ఫైళ్లూ లాగు ఫైళ్లూ ఒకే క్షణానికి చెందినవై ఉండాలి. అవి రెండు వాల్యూముల మీద ఉండి, ఒకదాని తరువాత ఒకటి స్నాప్‌షాట్ తీసుకుంటే ఆ కోలుకోవడం మీద నమ్మకం పెట్టుకోలేము. ఈబీఎస్‌లో అనేక వాల్యూములకు ఒకే క్షణాన స్నాప్‌షాట్ తీసే వీలు 2019లో వచ్చింది. అదే విధంగా, లాగు చదివి కోలుకోవడానికి డేటాబేస్ రాయవలసి ఉంటుంది కాబట్టి చదవడానికి మాత్రమే మౌంట్ చేసిన స్నాప్‌షాట్ మీద అది లేవదు. రాయడానికి వీలున్న క్లోన్ కావాలి.

అన్నింటికన్నా ఎక్కువగా జాగ్రత్త పడవలసినది, నిలబెట్టిన కాపీకి తాను కాపీనని తెలియకపోవడం. సర్వర్ మొత్తాన్ని స్నాప్‌షాట్ నుంచి లేపితే అందులోని షెడ్యూలు పనులు కూడా లేస్తాయి. క్యూలో ఆనాడు మిగిలి ఉన్న మెయిళ్లను మళ్లీ పంపుతాయి, బయటి సేవలను మళ్లీ పిలుస్తాయి. పోస్ట్‌గ్రెస్ విషయంలో, లాగు ఫైళ్లను భద్రపరిచే అమరికను ఆపకుండా కాపీని లేపితే, అది అసలు డేటాబేస్ వాడే భాండాగారంలోకే అవే పేర్లతో తన ఫైళ్లను పంపడానికి ప్రయత్నిస్తుంది. కాపీని చూసి నేర్చుకుందామని మొదలుపెట్టిన పని అసలుదాని బ్యాకప్‌ను పాడుచేసే స్థితికి వస్తుంది. అందువల్ల మేము కాపీని బయటికి దారి లేని నెట్‌వర్కులోనే లేపుతాము, ఆ అమరికను డేటాబేస్ మొదలవక ముందే ఫైలులో తీసేస్తాము.

ఉన్నచోటే వెనక్కి తిప్పడానికి చోటే లేదని నేను అనను. ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్ విఫలమై యంత్రం బూట్ కానప్పుడు, అందులో స్నాప్‌షాట్ తరువాత పుట్టిన విలువైన డేటా ఏదీ లేదని తెలిసినప్పుడు, పరీక్షల కోసం పెట్టుకున్న వర్చువల్ మెషీన్‌ను మొదటికి తేవలసినప్పుడు రోల్‌బ్యాక్ సరైన పనిముట్టు. స్నాప్‌షాట్ తరువాత ఈ వాల్యూమ్ మీద ఎవరు ఏం రాశారు అన్న ప్రశ్నకు జవాబు 'ఎవరూ ఏమీ రాయలేదు' అయినప్పుడు మాత్రమే నేను ఆ ఆదేశం ముట్టుకుంటాను. ఆ జవాబు చెప్పడానికి ఒకరి జ్ఞాపకం చాలదు. లాగు చూడాలి, అప్లికేషన్‌ను నడిపేవారిని అడగాలి.

ఇప్పుడు నెలకొకసారి మా పెద్ద వాల్యూమ్ నుంచి ఒక స్నాప్‌షాట్ ఎంచుకుని పక్కన లేపుతాము. ఏ స్నాప్‌షాట్ అన్నది ఆ రోజు పని చేసేవారు కాకుండా మరొకరు చెబుతారు. మొదటి ఆదేశం నుంచి అప్లికేషన్ మొదటి పేజీ సరిగా చూపించే వరకు గడియారం నడుస్తుంది, ఆ నిమిషాలను ఒక పట్టికలో రాసుకుంటాము. డేటాబేస్ లేచిన వెంటనే చేసే పని ఆర్డర్ల సీక్వెన్సును ముందుకు జరపడం. చెల్లింపుల సేవలో నమోదైన ఆఖరి నంబరును అడిగి తెలుసుకుని, దానికి ఇంకో పదివేలు కలిపి, అక్కడి నుంచి లెక్క మొదలుపెడతాము. క్రితం నెల ఆ పని చేసింది కొత్తగా చేరిన అమ్మాయి. నంబర్ల మధ్య అంత పెద్ద ఖాళీ ఎందుకని ఆమె అడిగినప్పుడు, ఆ పదకొండు రోజుల్లో మేము చేత్తో సరిచూసిన జాబితాను తెరిచి 48213 ఉన్న రెండు వరుసలను చూపించాను.